క్యాష్ టాలీ కాని సాయంత్రం: ఒక బ్యాంకు అధికారి కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి 46 ఏళ్ల మహిళ. విశాఖపట్నంలో ఒక బ్యాంకు శాఖలో నగదు విభాగానికి బాధ్యురాలైన అధికారి. ఇల్లు ఎంవీపీ కాలనీలో. భర్తది ప్రైవేటు ఉద్యోగం, కొడుకు ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం, ఇంట్లో అత్తగారు కూడా ఉంటారు. సాయంత్రం ఇంటికి చేరాక కూడా బ్యాంకు తలలోంచి దిగడం లేదనీ, పక్కమీద వాలాక గంటన్నర దాకా నిద్ర పట్టడం లేదనీ, పొద్దున లేచేసరికే ఒళ్లు బరువుగా ఉంటోందనీ, చిన్న మాటకు కూడా ఇంట్లోవాళ్లను విసుక్కుంటున్నాననీ చెప్పి, తమ ఫ్యామిలీ డాక్టరు సలహా మీద కౌన్సెలింగ్ కోసం నా దగ్గరకు వచ్చారు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను.

ఈ కేసును రాయదగినదిగా చేసిన విషయం ఒకటుంది. "నడవమని చెప్తారేమో మేడమ్, నేను ఏడాదిగా నడుస్తూనే ఉన్నాను" అని ఆవిడ మొదటి రోజే అన్నారు. చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ ఉంది, రోజుకు 10,000 అడుగుల లక్ష్యం ఉంది, వారంలో చాలా రోజులు ఆ లక్ష్యం పూర్తవుతోంది కూడా. ఒత్తిడికి నడక మంచిదని మేము, వైద్యులు, పత్రికలు అందరం సులువుగా చెప్పేస్తాం. నడుస్తున్న మనిషికే అది ఎందుకు అక్కరకు రాలేదన్నది ఇక్కడి అసలు ప్రశ్న.

మొదటి అంచనా

నలభై దాటిన మహిళ అలసట, నిద్రలేమి, అప్పుడప్పుడు గుండెదడ అని చెప్పగానే ఒత్తిడి అన్న ముద్ర వేయడం సరికాదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, మధుమేహం, నెలసరి ఆగిపోయే ముందు దశలో వచ్చే మార్పులు, నిద్రలో శ్వాసకు అడ్డంకి వంటివన్నీ ఇవే లక్షణాలతో బయటపడతాయి. ఫ్యామిలీ డాక్టరు చేయించిన పరీక్షల్లో థైరాయిడ్, చక్కెర మామూలుగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 11.2 గ్రాములు ఉండటంతో, అది కొద్దిపాటి రక్తహీనతే అయినా, ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. రక్తపోటు 138/88. గురక, నిద్రలో ఊపిరి ఆగడం లేవని భర్తను అడిగి నిర్ధారించుకున్నాను. కుంగుబాటు ప్రశ్నావళిలో చికిత్స అవసరమయ్యే స్థాయి కనిపించలేదు. ఒత్తిడిని ఆవిడ ఎలా అనుభవిస్తున్నారో కొలిచే పది ప్రశ్నల స్కేలులో 40కి 27 వచ్చింది, అది ఎక్కువ ఒత్తిడి కిందికి వస్తుంది. నిద్రలేమి తీవ్రత సూచికలో 28కి 16 వచ్చింది, అది మధ్యస్థ స్థాయి.

ఆ ఒక్క సోమవారం

"మీకు ఒత్తిడి ఎలా ఉంటుంది?" అని అడిగితే ఎవరైనా పైపై జవాబే చెబుతారు. అందుకని ఈ మధ్య బాగా ఇబ్బంది పెట్టిన ఒక్క రోజును ఎంచుకొని, సాయంత్రం నాలుగు నుంచి నిద్ర పట్టేదాకా గంట గంటకూ ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆవిడ ఒక సోమవారాన్ని ఎంచుకున్నారు.

కౌంటర్లు మూసి క్యాష్ లెక్క చూసేసరికి కంప్యూటరు చూపిస్తున్న మొత్తానికీ పెట్టెలో ఉన్న నగదుకూ 27,000 రూపాయల తేడా వచ్చింది. నగదు తక్కువగా ఉంది. కట్టలన్నీ మిషన్లో మళ్లీ వేశారు, చేత్తో లెక్కపెట్టారు, 500 నోట్ల కట్టల్లో 200 నోట్లు కలిశాయేమో చూశారు. తేడా తేలకపోతే ఆ డబ్బు కౌంటరులో కూర్చున్న కుర్రవాడి చేతినుంచి పడుతుంది, సంజాయిషీ మాత్రం ఈవిడ కూడా ఇచ్చుకోవాలి. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చన్నది లెక్కల పుస్తకాలతో బతికేవాళ్లందరికీ తెలిసిన కిటుకు. ఆవిడకు అది ఆరున్నరకు తట్టింది. ఆ రోజు స్లిప్పులన్నీ ఒక్కొక్కటిగా తిరగేస్తే, 36,000 జమ కట్టిన ఖాతాదారుడి స్లిప్పు 63,000గా ఎంట్రీ అయిందని ఏడుం పావుకు తేలింది. ఎంట్రీ సరిదిద్ది, ఖాతాదారుడికి ఫోన్ చేసి, ఇద్దరి తాళాలతో స్ట్రాంగ్ రూమ్ మూసి బయటపడేసరికి ఎనిమిదైంది.

ఇంటికి చేరింది ఎనిమిదిన్నరకు. బ్యాగు సోఫాలో పడేసి, చీర కూడా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్లి చపాతీల పిండి కలిపారు. అడుగులు తక్కువయ్యాయని వాచీ గుర్తు చేయడంతో తొమ్మిదింబావుకు నడకకు బయల్దేరారు. చెవిలో ఇయర్‌ఫోన్లు. దారిలో మేనేజరు ఫోను, ఆ తర్వాత కౌంటరు కుర్రవాడి ఫోను, మధ్యలో శాఖ వాట్సాప్ గ్రూపులో మర్నాటి పనుల మీద సందేశాలు. నలభై నిమిషాలు వేగంగా నడిచి, పదింబావుకు తిని, పదకొండుకు పడుకున్నారు. ఒంటిగంట దాకా నిద్ర రాలేదు. అంతసేపూ ఏం ఆలోచించారని అడిగితే వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "ఆ స్లిప్పు దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదా అని."

సమస్య ఏడుం పావుకే తీరిపోయింది. ఆవిడ శరీరం మాత్రం ఒంటిగంట దాకా అందులోనే ఉంది.

నడక ఎందుకు పని చేయలేదు

పొయ్యి ఆర్పినంత మాత్రాన పెనం చల్లారదు. ఒత్తిడి కలిగించిన సంగతి ముగిశాక గుండె వేగం, కండరాల బిగువు, ఒత్తిడి హార్మోన్లు మామూలు స్థాయికి దిగడానికి కొంత వ్యవధి కావాలి. ఉదాహరణకు, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సగానికి తగ్గడానికి సుమారు ఒక గంట నుంచి గంటన్నర పడుతుంది. ఆ వ్యవధిలో కొత్త సెగ తగలకపోతే శరీరం తనంతట తాను సర్దుకుంటుంది. జరిగిపోయినదాన్నో, జరగబోయేదాన్నో తలచుకుంటూ ఉంటే ఆ తలపే కొత్త సెగ అవుతుంది. డచ్ పరిశోధకుడు యోస్ బ్రోస్‌ఖాట్, ఆయన సహచరులు 2006లో చేసిన ప్రతిపాదన సారాంశం ఇదే: శరీరాన్ని ఎక్కువసేపు ఉద్రిక్తంగా ఉంచేది ఒత్తిడి సంఘటన ఒక్కటే కాదు, దాని చుట్టూ తిరిగే ఎడతెగని ఆలోచన కూడా.

పని తర్వాత కోలుకోవడానికి ఏమేం అక్కరకొస్తాయో సబీన్ సొన్నెంటాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు 2007లో నాలుగు అనుభవాలుగా విడదీశారు. పని నుంచి మనసు విడివడటం, ఒళ్లు సడలడం, పనికి సంబంధించని ఏదైనా నేర్పును సాధన చేయడం, ఆ సమయం తన చేతిలో ఉందన్న భావన. ఆ సోమవారం సాయంత్రాన్ని ఈ నాలుగింటితో పోల్చి చూస్తే ఒక్కటి కూడా కనబడలేదు. నడక ఉంది గానీ అందులో బ్యాంకు ఉంది. సమయం ఉంది గానీ అది వాచీ చేతిలో ఉంది. పగలంతా నగదు టాలీ చేసిన మనిషి రాత్రి అడుగులను టాలీ చేస్తున్నారు. (ఈ 10,000 అన్న అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కింపు పరికరంతో ప్రచారంలోకి వచ్చింది. వైద్య పరిశోధన తేల్చిన హద్దు కాదది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు, కాస్త కోపం తెచ్చుకున్నారు.)

మరో సంగతి కూడా గమనించాను. సోమవారమే కాదు, ఏ రోజైనా ఇంట్లో అడుగుపెట్టడానికీ వంటింట్లో అడుగుపెట్టడానికీ మధ్య ఆవిడకు విరామం లేదు. అలసిన శరీరాన్ని నేరుగా వేగపు నడకలోకి దించడం వల్ల ఆ నడక కూడా మరో డ్యూటీ అయిపోయింది. అందుకని చికిత్సలో నడకను తీసేయలేదు, పెంచనూ లేదు. దాని ముందు విశ్రాంతిని పెట్టి, ఆ రెండింటికీ ముందు బ్యాంకుకు ఒక ముగింపు పెట్టాం.

చేసిన మార్పులు

బ్యాంకు ముగింపు చాలా చిన్న పని. స్ట్రాంగ్ రూమ్ తాళం వేశాక, బయల్దేరే ముందు, ఒక చిన్న డైరీలో మర్నాడు చేయాల్సిన పనుల్లో ముఖ్యమైనవాటిని, ఒక్కొక్కటి ఏ సమయానికి ఎలా మొదలుపెడతారో సహా రాయాలి. పూర్తికాని పనులు తలలో మెదులుతూ ఉంటాయి. అయితే వాటిని పూర్తి చేయనక్కర్లేకుండానే, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయం చేసుకుంటే ఆ మెదలడం తగ్గుతుందని మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2011లో ప్రయోగాల్లో చూపించారు. లెక్క రాసే అలవాటున్న మనిషి కాబట్టి ఇది ఆవిడకు ఇట్టే పట్టుబడింది.

విశ్రాంతి అంత తేలిగ్గా రాలేదు, కేసులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, వదులు బట్టలు కట్టుకుని, గదిలో లైటు తీసి, ఇరవై నిమిషాలు వెల్లకిలా పడుకోవాలి. ఫోను హాల్లో ఉండాలి. నిద్రపోవాలని లేదు, పోకూడదనీ లేదు. అయితే ఆ వేళ అంతకుమించి నిద్రపోతే రాత్రి నిద్ర దెబ్బతింటుంది గనుక ఇరవై నిమిషాలకు అలారం ఉండాలి. ఇంత వివరంగా చెప్పాక ఆవిడ అడిగిన ప్రశ్న: "నేను పడుకుంటే పొయ్యి దగ్గర ఎవరుంటారు మేడమ్?"

ఇది ఆవిడ ఒక్కరితో తేలే ప్రశ్న కాదు. ఒక ఆదివారం కుటుంబాన్నంతా పిలిచాను. కుక్కరు పెట్టడం కొడుకు వంతనీ, కూరలు తరగడం భర్త వంతనీ, పొయ్యి మీద పని ఈవిడ లేచాకేననీ మాటాడుకున్నాం. అత్తగారు మొదట ఒప్పుకోలేదు. "సంజెవేళ దీపం పెట్టకుండా పడుకుంటారా ఎక్కడైనా? రోడ్డు మీద తిరిగొస్తే అలుపెలా పోద్దమ్మా, ఇంకా ఎక్కువవుద్ది గానీ" అన్నారు. సంజెవేళ పడుకోకూడదన్న మాట మన ఇళ్లలో చిన్న మాట కాదు, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే ఆ పెద్దావిడ ఎదురు నిలిచేవారు. దీపం అత్తగారే పెట్టేలా, కోడలు దీపాలవేళ దాటాకే నడుం వాల్చేలా సర్దుబాటు చేసుకున్నాం. ఎటూ ఆ కోడలు ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది కాబట్టి ఆచరణలో తేడా ఏమీ పడలేదు, గౌరవం మాత్రం నిలబడింది.

అలాగే, ఆరున్నరకు బ్యాంకులో తాగే కాఫీని నాలుగుకు జరిపాం. కాఫీలోని కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే చాలామందికి ఐదు గంటల దాకా పడుతుంది.

ఇక నడక. దాన్ని రెండు రకాలుగా విడదీశాం. మామూలు రోజున కాలనీలోనే ఇరవై నిమిషాలు చాలు. కష్టపడ్డ రోజున మాత్రం ఇంటినుంచి అప్పుఘర్ మీదుగా బీచ్ రోడ్డుకు దిగి, సముద్రం వైపున్న కాలిబాట మీద వీఎంఆర్‌డీఏ పార్కు దాటి ఆర్కే బీచ్ వైపు నడిచి, గంటకు పైగా గడిపి రావాలి. దీపాలు, జనం ఉండే దారి కాబట్టి ఆ వేళకు ఒంటరిగా నడిచే మహిళకు కాస్త ధైర్యం. తోడు వస్తానన్న పక్కింటావిడను మాత్రం మొదటి నెలలో వద్దనుకున్నాం, ఆవిడా బ్యాంకు ఉద్యోగే. వాచీ ఇంట్లో. ఫోను సంచిలో, ఎవరైనా కాల్ చేస్తేనే మోగేలా, సందేశాలు కనబడకుండా. వేగం ఎంతంటే, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత అని సాధారణంగా మధ్యస్థ వ్యాయామానికి చెప్పే కొలత కన్నా కూడా ఒక మెట్టు తక్కువ. విశాఖలో గాలి తేమకు చెమట ఆరదు, వేగంగా నడిస్తే ఒంటి వేడి దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది, నిద్రకు అది మంచిది కాదు.

నడిచేటప్పుడు బ్యాంకు గురించి ఆలోచించవద్దని నేను చెప్పలేదు. వద్దనుకున్న ఆలోచన మరింత మీదికి వస్తుందని మనస్తత్వ పరిశోధకుడు డేనియల్ వెగ్నర్ 1987లో, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పి చేసిన ప్రయోగం నుంచీ తెలిసినదే. అందుకు బదులు, పార్కు దాకా బ్యాంకు గురించి ఎంతైనా ఆలోచించుకోవచ్చు. పార్కు దాటాక ఆలోచన వస్తే రానిచ్చి, చూపును బయటికి తిప్పాలి. ముంత మసాలా బండివాడు ఉల్లిపాయలు ఎంత సన్నగా తరుగుతున్నాడో, మొక్కజొన్న పొత్తు మీద నిప్పురవ్వ ఎటు ఎగురుతోందో, రెండు అలల మధ్య ఎంతసేపు పడుతోందో చూడాలి. ఇదేమీ ధ్యానం కాదు, కళ్లకు పని చెప్పడం.

ఇంత దూరం ఎందుకన్న సందేహం రావచ్చు. అమెరికాలో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో పచ్చిక మైదానంలో తొంభై నిమిషాలు నడిచినవాళ్లలో తమను తాము తవ్వుకునే ఆలోచనలు తగ్గాయి, రద్దీ రోడ్డు వెంట అంతేసేపు నడిచినవాళ్లలో తగ్గలేదు. మన బీచ్ రోడ్డు ఒక వైపు సముద్రం, ఒక వైపు ట్రాఫిక్ కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. నేను ఎక్కువగా ఆధారపడింది, నడక, నిద్ర సంగతులను ఆవిడ రాసుకున్న సొంత డైరీ మీద. బ్యాంకు ఆలోచన "ఎప్పుడు వదిలింది?" అన్న గడిలో చాలాసార్లు నడక మొదలైన అరగంట తర్వాతి చోట్లే రాసి ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చిన కష్టపు రోజుల్లో ఆ గడి ఖాళీగానే ఉంది.

మరో కష్టపు రోజు, ఫలితాలు

మొదట్లో మడమ నొప్పి వచ్చింది. చెప్పులు మార్చి బూట్లు వేసుకోవడంతో తగ్గింది. రెండో వారంలో శాఖ గ్రూపు సందేశాలు చూడటం లేదని మేనేజరు నొచ్చుకున్నారు. అత్యవసరమైతే ఫోన్ చేయండి, ఎత్తుతాను అని ఆవిడ సూటిగా చెప్పారు. ఆ తర్వాత రాత్రిపూట వచ్చిన ఫోన్లు చాలా తక్కువ.

రెండు నెలల తర్వాత, ఆ సోమవారంతో పోల్చదగిన రోజు వచ్చింది. నెల మొదటి వారం, పింఛనుదారుల రద్దీ, మధ్యాహ్నం సర్వరు ఆగిపోయింది. గంటకు పైగా నిలబడ్డ ఒక పెద్దాయన అందరి ముందూ ఆవిడ మీద కేకలు వేశారు. ఆవిడ బయటపడింది ఏడున్నరకు. బయల్దేరే ముందు డైరీ రాశారు. ఇంటికి వచ్చి పడుకున్నారు, నిద్ర పట్టలేదు, కళ్లలో నీళ్లు వచ్చాయి, అలారం మోగింది. తిన్నది కొంచెం, ఆ తర్వాత నడక. పార్కు దాకా ఆ పెద్దాయనకు ఏమని జవాబిచ్చి ఉండాల్సిందో ఆలోచిస్తూనే నడిచారట. పార్కు దాటాక కొంత దూరంలో ఒక చిన్నపిల్ల బెలూను జారవిడిచి ఏడుస్తుంటే ఆగి చూశారు. జలాంతర్గామి మ్యూజియం దగ్గరకు వచ్చేసరికి, ఆ పెద్దాయనకు మోకాళ్ల నొప్పులుండి ఉంటాయి, కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు కదా అనిపించిందట. "కోపం పోయిందని కాదు మేడమ్, ఆయన మనిషిలా కనబడ్డారు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టడానికి సుమారు అరగంట పట్టింది. మర్నాడు ఆవిడ చేసిన మొదటి పని పింఛను కౌంటరు ముందు నాలుగు కుర్చీలు వేయించడం.

మూడో నెల చివర ఒత్తిడి స్కేలు 17కు, నిద్రలేమి సూచిక 8కి దిగాయి. నిద్రలేమి ఇంకా ఛాయగా ఉంది గానీ చికిత్స అవసరమయ్యే స్థాయిలో లేదు. రక్తపోటు 128/82.

ఈ ఫలితాన్ని పూర్తిగా విశ్రాంతికీ నడకకూ కట్టబెట్టలేను. అదే కాలంలో ఐరన్ మాత్రలు పని చేశాయి, హిమోగ్లోబిన్ 12 దాటింది. పొద్దుటి ఒంటి బరువు తగ్గడంలో వాటి వంతు తప్పక ఉంటుంది. కాఫీ వేళ మారింది, వంటింటి బరువులో కొంత పంచుకునేవాళ్లు దొరికారు. అయితే నిద్ర పట్టే వ్యవధి తగ్గడం మాత్రం మూడో వారానికే డైరీలో కనబడింది, రక్తహీనత పూర్తిగా సర్దుకోవడానికి సాధారణంగా అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. పైగా ఫోను చేతిలో పట్టుకుని నడిచిన కొన్ని కష్టపు రోజుల్లో, మిగతావన్నీ అలాగే ఉన్నా, నిద్ర పాత పద్ధతికే పోయింది. దాన్నిబట్టి నడకలో బ్యాంకు లేకపోవడమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

ఇదే పద్ధతిని ఎవరికి పడితే వారికి చెప్పను. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేనివారికి, చావు ఆలోచనలు వచ్చేవారికి, నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టుండేవారికి ముందు వైద్య పరీక్ష, తగిన చికిత్స కావాలి. ఇద్దరి పని ఒకరు చేస్తున్న కౌంటరు ఒత్తిడిని కౌంటరు దగ్గరే తీర్చాలి. ఆవిడ శాఖలో ఖాళీగా ఉన్న గుమస్తా పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది, ఆ సంగతి మీద పైఆఫీసుకు రాతపూర్వకంగా అడగమని చెప్పాను, అడిగారు.

ప్రస్తుతం నెలకొకసారి కలుస్తున్నాం. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు పట్టి సముద్రపు ఒడ్డున నడవడం కుదరని వారాలు వస్తాయి. మేడ మీద, అపార్టుమెంటు కింద పార్కింగులో నడిచి చూశారు గానీ చూపుకు పని దొరకక ఆలోచన అక్కడే తిరుగుతోందన్నారు. ఆ రోజులకు నడకను తగ్గించి, విశ్రాంతిని ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు చేసి, రెండోదాన్ని భోజనం తర్వాత పాత పాటలు వింటూ కుర్చీలో వాలి గడిపేలా మార్చాం. అది ఎంతవరకు సరిపోతుందో మార్చి 31 ఖాతాల ముగింపు దాటాక మళ్లీ స్కేళ్లు వేసి చూస్తాను.